ఎవరి క్లాసు ముందు

వంటింటి గోడకు అంత పెద్ద కాగితం అంటించి ఉండడం చూసి, కోడలు గోడకి రంగు వేయించబోతోందేమోనని అనుకుంది అత్తగారు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది తన కాగితమే. బట్టల కొలతలు గీసుకోవడానికి దాచుకున్న గోధుమరంగు కాగితం చుట్టలోంచి రెండు గజాలు పోయింది. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను మీద బతికిన మనిషి ఆవిడ. కాగితం పోయినందుకు పెద్దగా బాధపడలేదు గానీ, కత్తెర పెట్టకుండా చేత్తో చింపినందుకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

"అమ్మాయ్, ఎవరి కొలతలు ఇవి?" అంది.

"నా మూడేళ్ళవి అత్తయ్యా," అంది కోడలు, నోట్లో పెన్ను మూత పెట్టుకుని.

ఆ కోడల్ని ఊరంతా సీసాలమ్మ అంటారు. నీటి సరఫరా ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా నీళ్ళ నమూనాలు తీసే ఉద్యోగం ఆమెది. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని వీధి వీధికీ వెళ్ళి, క్రిములు చచ్చేలా స్పిరిట్ దూదితో కుళాయి మూతి కాల్చి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలేసి, సీసాలో పట్టి, లేబులు అంటించి లాబులో అప్పజెబుతుంది. ఆ పేరు వినబడితే మొదట్లో ఉడుక్కునేది. తర్వాత్తర్వాత ఫోనెత్తి తనే "సీసాలమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది.

సీసా లేబులు మీద మూడు గీతలుంటాయి. స్థలం, సేకరించినవారు, నిర్ధారించినవారు. మొదటి రెండూ ఆమె నింపుతుంది. మూడోది డిగ్రీ ఉన్నవాళ్ళు నింపుతారు.

రెండేళ్ళ కిందట చెప్పుల కొట్టు వెనక వీధిలో పిల్లలకు వరసబెట్టి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. సీసాలమ్మ రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఏ కుళాయి నీళ్ళు తాగుతున్నారో, ఎవరికి జబ్బు చేసిందో ఒక నోటుబుక్కులో రాసుకుంది. వీధి చివరి కుళాయి దగ్గర, మురుగు కాలవ పక్కన పైపు అతుకు ఊడిందని ఆమెకి తేలిపోయింది. పరుగున వెళ్ళి అధికారికి చెబితే ఆయన అంతా విని, "నీకేం డిగ్రీ ఉందమ్మా?" అని అడిగాడు. వెక్కిరింతగా కాదు పాపం, రిపోర్టులో ఆ గడి ఖాళీగా ఉంచకూడదు కాబట్టి అడిగాడు. పన్నెండు రోజుల తర్వాత డిగ్రీ ఉన్నాయన ఒకరు వచ్చి, అదే కుళాయి చూసి, అదే అతుకు చూపించి, అదే మాట చెప్పాడు. ఈలోపు ఇంకో పంతొమ్మిది మంది పిల్లలు మంచాన పడ్డారు. అందరూ బతికి బట్టకట్టారు, అది వాళ్ళ అదృష్టం. ఆ పన్నెండు రోజులు మాత్రం సీసాలమ్మకి ఇవాళ్టికీ మింగుడు పడవు.

అందుకే ముప్పై మూడేళ్ళ వయసులో ప్రజారోగ్యం డిగ్రీలో చేరింది. ఆఫీసువాళ్ళు మూడేళ్ళు చదువు సెలవు ఇచ్చారు గానీ ఒక మెలిక పెట్టారు. ఏ టర్ములో ఏ కోర్సు చదువుతుందో, ఆరు టర్ములకీ ఇప్పుడే ప్రణాళిక వేసి, కాలేజీ ముద్ర వేయించి తెచ్చివ్వాలి. ఒక్క కోర్సు ఏడో టర్ములోకి జారినా సెలవు రద్దు, మళ్ళీ సంచీ, మళ్ళీ సీసాలు. గడువు శుక్రవారం సాయంత్రం నాలుగు. ఆ రోజు మంగళవారం.

గోధుమరంగు కాగితం మీద ఆమె ఆరు నిలువు గడులు గీసింది. ఒక్కో కోర్సు పేరు ఒక్కో సీసా లేబులు మీద రాసి, గడుల్లో అంటిస్తూ పోయింది. పోషకాహారం, ఆరోగ్య చట్టాలు, పర్యావరణ ఆరోగ్యం బుద్ధిగా వాటి చోట అవి కూర్చున్నాయి. చివరి ఏడాది ఫీల్డు వర్కు. దానికి ముందు ఎపిడెమియాలజీ పూర్తిచేసి ఉండాలని కోర్సుల పుస్తకంలో రాసుంది. రోగం ఎవరికి వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఎందుకు వచ్చింది అని కూపీ లాగే చదువది. సరే, దాన్ని మూడో టర్ములో పెట్టింది. దానికి ముందు స్టాటిస్టిక్స్ పూర్తిచేసి ఉండాలట. సరే, అది రెండో టర్ములోకి జరిపింది. పేజీ తిప్పి చూస్తే, స్టాటిస్టిక్స్‌కి ముందు ఎపిడెమియాలజీ పూర్తిచేసి ఉండాలని ఉంది.

సీసాలమ్మ ఆ రెండు లేబుళ్ళనీ పీకి అటూ ఇటూ మార్చింది. మళ్ళీ పీకింది. నాలుగోసారి పీకేసరికి వాటికి జిగురు పోయింది.

డ్యూటీ దిగి వచ్చిన భర్త టీ గ్లాసు పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఏ కాగితం మీద బాణం గీత కనిపించినా ఆయనకది రూటు కిందే లెక్క. కాసేపు వేలితో గీతల వెంట ప్రయాణం చేశాడు.

"ఇది రింగు రూటు," అన్నాడు.

"అంటే?"

"ఇక్కడికి పోవాలంటే అక్కడ ఎక్కాలి. అక్కడికి పోవాలంటే ఇక్కడ ఎక్కాలి. బస్సు తిరుగుతూనే ఉంటుంది గానీ, ఎక్కే స్టాపే లేదు. మరి మీ క్లాసులో మిగతావాళ్ళంతా ఎలా వెళ్తున్నారు?"

మిగతావాళ్ళంతా పద్దెనిమిదేళ్ళ పిల్లలు. మూడో టర్ము సంగతి మూడో టర్ములో చూసుకుంటారు. మూడేళ్ళ తర్వాతి మంగళవారం ఏం చదవాలో ఇవాళే తేల్చుకోవలసిన ఖర్మ ఆ కాలేజీ మొత్తం మీద సీసాలమ్మ ఒక్కదానికే పట్టింది.

"పుస్తకం కొత్తదా?" అని అడిగింది అత్తగారు, గోడ వైపు చూడకుండా.

"ఈ ఏడే మార్పులు చేసి అచ్చేశారట."

"అయితే ఎవరో చెయ్యి పెట్టారు," అంది ఆవిడ. సరిగ్గా ఉన్న బట్ట దానంతటది బిగుతవదని ఆవిడ నమ్మకం.

మర్నాడు సీసాలమ్మ కాలేజీకి వెళ్ళింది. స్టాటిస్టిక్స్ చెప్పేది లెక్కల మాస్టారు. ఎపిడెమియాలజీ చెప్పేది ఆయన భార్య, పిల్లలు రోగాల మేడం అంటారు. ఇద్దరివీ పక్కపక్క గదులే. ఒకప్పుడు ఒకే గదిగా ఉన్నదాన్ని మధ్యలో చెక్కగోడ కట్టి విడదీశారు. ఆ గోడలో తలుపొకటి ఉంది. ఈ మధ్యనే దానికి అడ్డంగా మాస్టారు ఒక ఇనప బీరువా జరిపించారని, అవతల మేడం ఇంకో బీరువా జరిపించారని పిల్లలు చెప్పుకుంటున్నారు. ఎవరు ముందు జరిపించారన్న దాని మీద మాత్రం రెండు వర్గాలున్నాయి.

"రా అమ్మా, కూర్చో. టీ తాగుతావా? తాగుతావనడానికి డెబ్బై శాతం అవకాశం ఉంది," అన్నారు మాస్టారు.

"ఇప్పుడే తాగొచ్చాను సార్."

"మిగతా ముప్పైలో పడ్డావు," అని ఆయన తృప్తిగా తల ఊపి, ఆమె చెప్పిందంతా విన్నారు. విని, "మేడం గారి కోర్సు లేకుండా నా క్లాసుకొస్తే, దేన్ని లెక్కపెడుతున్నారో తెలియకుండానే లెక్కపెడతారు. ముందు ఆవిడ దగ్గర నేర్చుకుని రావాలి," అన్నారు. ఆ చివరి మాట మాత్రం చెక్కగోడ వైపు తిరిగి కాస్త గట్టిగా అన్నారు. అని, చెవి అటే ఉంచి కాసేపు ఆగారు. అవతల్నించి ఉలుకూ పలుకూ లేదు. ఆయన మొహం చిన్నబోయింది.

సీసాలమ్మ పక్క గదిలోకి వెళ్ళింది.

"ఎప్పట్నించి ఈ ఇబ్బంది?" అని అడిగారు మేడం, పెన్ను తీసి.

"నిన్న సాయంత్రం నుంచి మేడం."

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా ఆయనక్కూడా కాస్త తలనొప్పి వచ్చింది మేడం, ఆ బాణాలు చూసి."

మేడం అది కూడా రాసుకున్నారు. ఆవిడకి ఎవరితో మాట్లాడినా రోగిని ప్రశ్నించినట్టే ఉంటుంది. మొత్తం విన్నాక పుస్తకంలో తన కోర్సు పేజీ తీసి చూపించారు. "పిల్లలకి శాతం అంటే ఏంటో తెలియకుండా నేను పాఠం ఎలా చెప్పను? ముందు ఆయన దగ్గర నేర్చుకుని రావాలి," అన్నారు, ఆవిడా చెక్కగోడ వైపు తిరిగి, గొంతు పెంచి. ఆవిడా కాసేపు ఆగారు. అవతల కుర్చీ కిర్రుమంది, అంతే. ఆవిడ పెన్ను మూత గట్టిగా బిగించారు.

సీసాలమ్మ ఆ పొద్దున ఆ రెండు గదుల మధ్యా కాళ్ళరిగేలా తిరిగింది. "మేడం గారు మీదే ముందంటున్నారు సార్" అని చెబితే మాస్టారు పెదవి విరిచి, "వెటకారం. పంతొమ్మిదేళ్ళుగా తన కోర్సే ముందుండాలని నాతో పోట్లాడిన మనిషి. ఇవాళ నాదే ముందందా? వెటకారం కాక ఏంటమ్మా?" అన్నారు. "మాస్టారు మీదే ముందంటున్నారు మేడం" అని ఇటొచ్చి చెబితే మేడం మొహం కందగడ్డలా చేసుకుని, "ఎత్తిపొడుపు. నాకు తెలియదా ఆయన సంగతి," అన్నారు. పుస్తకంలో అవతలివాళ్ళ పేజీ చూడమని సీసాలమ్మ బతిమాలితే, "ఆ పేజీతో నాకేం పని?" అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. పాతికేళ్ళు కలిసి కాపరం చేసినవాళ్ళకి మాటలు కలవడంలో వింతేముంది.

అక్కడ్నుంచి ఆఫీసు గదికి వెళ్ళింది. అక్కడి గుమాస్తాని అందరూ ముద్రగారంటారు. ఆయన బల్ల మీద పద్నాలుగు రబ్బరు ముద్రలు ఎత్తు ప్రకారం వరసగా నిలబడి ఉంటాయి.

"పుస్తకంలో ఉన్నదే రూలు," అన్నాడు ముద్రగారు.

"రూలు ప్రకారం ఈ డిగ్రీ ఎవరికీ రాదండీ."

"రాకపోతే రాదు. అచ్చయిపోయిన రూలు మార్చాలంటే ఇద్దరు మేష్టర్లూ ఒకే ఫారం మీద సంతకం పెట్టాలి. అప్పుడు ముద్ర వేస్తా. లేదంటే వెయ్యను."

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా గోడకి ఆనుకుని కూర్చుంది సీసాలమ్మ. ఎల్లుండి నాలుగింటికి తన పని సరి అని ఆమెకి దాదాపు ఖాయమైపోయింది. అత్తగారు మిషను ఆపి, జరిగిందంతా చెప్పించుకుంది. మాస్టారు చెవి పెట్టి ఆగారన్న చోట మళ్ళీ ఒకసారి చెప్పమంది.

"వాళ్ళకి కోపం కాదు," అంది చివరికి. "అలక."

"రెండూ ఒకటేగా అత్తయ్యా."

"ఎక్కడొకటి? కోపమొచ్చినోళ్ళు అవతలి మనిషి మాట్లాడితే చెవులు మూసుకుంటారు. అలిగినోళ్ళు ఎప్పుడు మాట్లాడతారా అని చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. మీ మావయ్య ఉన్నప్పుడు నేనేగా అలిగేదాన్ని, నాకు తెలీదా? ఊరికే అలగరు. ఏదో మంచి పని చేసుంటారు, దానికి మెప్పు రాలేదు. ఆ చేసిందేంటో కనుక్కో."

సీసాలమ్మకి ఈ పద్ధతి కొత్త కాదు. ఒక ఇంట్లో నీళ్ళు పాడైతే ఆ ఇంటి కుళాయి దగ్గరే కూర్చుంటే ఏమీ తేలదు. పైపు వెంట వెనక్కి, అతుకు అతుకూ చూసుకుంటూ వెళ్ళాలి. ఆ రూలు ఆ పుస్తకంలోకి ఏ పైపులోంచి వచ్చిందో ఆ ఫైలు చూడాలి.

గురువారం పొద్దున్నే ముద్రగారి ముందు నిలబడింది. గురువారం ఆయన ముద్రలు కడిగే రోజట, ఫైళ్ళు తీయడట. రబ్బరు సందుల్లో ఎండిపోయిన సిరాని అగ్గిపుల్లతో గీకుతున్నాడు. సీసాలమ్మ కాసేపు చూసి, చూడలేక, ఆఫీసుకి ఇంకా అప్పజెప్పని సంచీలోంచి స్పిరిట్ సీసా, దూదీ తీసింది. కుళాయి మూతులు తుడిచే చెయ్యి అది. అరగంటలో పద్నాలుగు ముద్రలూ కొత్తవాటిలా అయ్యాయి. ముద్రగారు ఒక్కొక్కటే వెలుగులోకి ఎత్తి చూసుకున్నాడు. ఆయన కళ్ళు కొంచెం చెమ్మగిల్లాయి కూడా, స్పిరిట్ ఘాటో ఇంకోటో చెప్పలేం.

"ఏ ఫైలమ్మా?" అన్నాడు.

ఫైల్లో రెండు ఫారాలున్నాయి. రెండింటి మీదా ఒకటే తేదీ. ఒకటి పొద్దున పదకొండింటికి వచ్చింది, రెండోది మధ్యాహ్నం మూడింటికి. మొదటిదానిలో కారణం అన్న గడిలో లెక్కల మాస్టారి సన్నటి అక్షరాలున్నాయి. "ఎపిడెమియాలజీ ముందు ఉండడమే సబబు. నా సహోపాధ్యాయిని పంతొమ్మిదేళ్ళుగా ఇదే చెబుతున్నారు. నేనే మొండికేశాను." రెండోదానిలో మేడం గుండ్రటి అక్షరాలు. "స్టాటిస్టిక్స్ ముందు ఉండాలి. మాస్టారు మొదట్నించీ చెబుతున్నది నిజమే. ఒప్పుకోవడానికి నాకే ఇన్నాళ్ళు పట్టింది."

సీసాలమ్మ రెండుసార్లు చదివింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పంతొమ్మిదేళ్ళు పోట్లాడి, ఒకే రోజున, ఒకరికి తెలియకుండా ఒకరు లొంగిపోయారు. ఆపైన ఎవరికి వాళ్ళు, అవతలివాళ్ళు పుస్తకంలో చూసుకుని వచ్చి ఒక మంచిమాట అంటారని ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆ మాట రాలేదు, బీరువాలు వచ్చాయి.

"ఇవి రెండూ ఒకదానికొకటి అడ్డం కదండీ. అప్పుడే మీరు చూడలేదా?"

"సంతకం ఉంది, తేదీ ఉంది, ముద్ర వేశా," అన్నాడు ముద్రగారు. "అడ్డమో నిలువో చూడమని నాకెవరూ చెప్పలేదు."

నకళ్ళు ఇవ్వడానికి ఒక రోజు పడుతుందన్నాడు. ముద్రల మొహం చూసి శుక్రవారం ఒంటిగంటకల్లా ఇచ్చాడు.

ఇక ఇద్దర్నీ ఒకచోటికి రప్పించాలి. మాస్టారి గదికి మేడం రారు, మేడం గదికి మాస్టారు రారు. సీసాలమ్మ ఆలోచించి, వరండా చివర మంచినీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళి సంచీ దించింది. దారిలో రెండు తలుపుల్లోనూ తల పెట్టి, "కుళాయి నీళ్ళు పరీక్షకి తీస్తున్నా" అని ఒక మాట పడేసి వచ్చింది. అబద్ధమేమీ కాదు, నిజంగానే తీసింది. తాము రోజూ తాగే నీళ్ళని ఎవరో పరీక్ష చేస్తున్నారంటే ప్రజారోగ్యం చెప్పేవాళ్ళకి కుర్చీలో కాలు నిలవదు. ఆమె కుళాయి మూతి కాల్చేలోపే ఇద్దరూ చెరోవైపు నుంచి వచ్చి నిలబడ్డారు.

"రంగు మారిందా?" అన్నారు మేడం.

"ఎన్ని సీసాలు తీస్తావు? ఒక్కటైతే చాలదు," అన్నారు మాస్టారు.

సీసాలమ్మ మేడం ఫారం మాస్టారి చేతిలో, మాస్టారి ఫారం మేడం చేతిలో పెట్టి, తన పని తను చేసుకుంటున్నట్టు సీసాకి మూత బిగించింది.

ఇద్దరూ కాగితాలు చదివారు. మేడం కళ్ళజోడు తీసి పైట చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చదివారు.

"ఇది మీరే రాశారా?"

"సంతకం నాదేగా."

"నాతో ఒక్క మాట అనలేదే."

"నువ్వే పుస్తకం చూసి అంటావనుకున్నా. మరి నువ్వు?"

"నేనూ మీరే చూస్తారని కూర్చున్నా."

"డెబ్బై మూడు రోజులు," అన్నారు మాస్టారు మెల్లగా. "ఉజ్జాయింపు కాదు, లెక్కపెట్టా."

సీసాలమ్మ ఇక గట్టెక్కినట్టే అనుకుని ఖాళీ ఫారం తీసి చాపింది. పాపం, పప్పులో కాలేసింది.

"రాసెయ్యమ్మా, ఎపిడెమియాలజీయే ముందు. ఆవిడ పంతొమ్మిదేళ్ళుగా చెబుతోంది," అన్నారు మాస్టారు.

"అదేం కుదరదు. మీరు నాకోసం ఇంత రాసిచ్చాక ఇంకా నాదే ముందంటానా? స్టాటిస్టిక్సే ముందు."

"నీ మాట కాదన్నందుకేగా ఇంత జరిగింది. నీదే ముందు."

"కాదండీ, మీదే."

"చెబుతుంటే వినవేం?"

"మీరు మాత్రం ఎప్పుడు విన్నారు?"

డెబ్బై మూడు రోజుల బాకీ మాటలన్నీ ఒక్కసారే బయటికొస్తున్నాయి. గడియారం రెండు దాటింది. పంతొమ్మిదేళ్ళు నాది ముందని పోట్లాడారు, ఇప్పుడు నీది ముందని ఇంకో పంతొమ్మిదేళ్ళు పోట్లాడేలా ఉన్నారు. సీసాలమ్మ "నాలుగింటికి నా గడువు సార్" అంది. "ఆగమ్మా, సూత్రం సంగతి మాట్లాడుకుంటున్నాం" అన్నారు ఇద్దరూ, ఒక్క గొంతుతో.

అప్పుడు ఆమెకి నిజంగా ఒళ్ళు మండింది. సంచీ అడుగున రెండేళ్ళుగా మోస్తున్న నోటుబుక్కు లాగి కుళాయి గట్టు మీద పెట్టింది. తడి అంటుకుంటుందని కూడా చూసుకోలేదు.

"సార్, మేడం, ఇది చూడండి. చెప్పుల కొట్టు వెనక వీధి. ముప్పై ఎనిమిది ఇళ్ళు. ప్రతి గడపా ఎక్కి, ఎంతమంది పిల్లలున్నారు, ఎవరికి బాలేదు అని లెక్కపెట్టాను. అదే నోటితో ఏ కుళాయి నీళ్ళు తాగుతున్నారని అడిగాను. లెక్క ముందా, ప్రశ్న ముందా అని నేను ఆ గుమ్మంలో నిలబడి ఆలోచించలేదు. లోపల పిల్ల వాంతులు చేసుకుంటుంటే అది గుర్తుకు రాదు. రెండూ ఒకే పేజీలో రాసుకున్నాను. మీరు ఎవరిది ముందో తేల్చుకోండి, నేను పోయి సీసాలు పట్టుకుంటాను."

అని, తన గొంతు అంత పైకి వెళ్ళినందుకు తనే బిత్తరపోయి నిలబడింది.

మాస్టారు అప్పటికే పుస్తకం మీదికి వంగారు. వేలు గడుల వెంట దిగుతోంది. "చివరి కుళాయి నీళ్ళు తాగే ఇళ్ళు ఇరవై ఒకటి, జబ్బు చేసినవి పదిహేడు. ఎనభై ఒక్క శాతం. మిగతా పదిహేడు ఇళ్ళలో రెండే. పన్నెండు శాతం. దాదాపు ఏడింతలు తేడా."

"ఆ రెండిళ్ళూ ఏవి?" అన్నారు మేడం, ఆయన భుజం మీంచి. "వాళ్ళ కుళాయి వేరు కదా, వాళ్ళకెందుకొచ్చింది?"

"ఆ పిల్లలు ఆడుకోవడానికి చివరి కుళాయి దగ్గరికే వెళ్తారు మేడం. వాళ్ళమ్మల్ని అడిగాను. వెనక పేజీలో ఉంది."

మేడం పేజీ తిప్పారు. మాస్టారు ఆవిడకి వెలుతురు పడేలా పక్కకి జరిగారు. ఇద్దరి తలలూ ఆ తడిసిన పుస్తకం మీద దగ్గరగా వచ్చి, ఈ ఇంటి సంగతేంటి, ఆ గడి ఎందుకు ఖాళీ అని ఒకరినొకరు అడుగుతూ, ఆమె అక్కడున్న సంగతే మరచిపోయారు.

"అతుకు ఎప్పుడు బాగుచేశారు?" అని అడిగారు మేడం చివరికి.

"పన్నెండు రోజుల తర్వాత. డిగ్రీ ఉన్నాయన వచ్చి చెప్పాక."

 మాస్టారే ఫారం అందుకున్నారు. రెండు కోర్సులూ మూడో టర్ములోనే, ఒకే గదిలో, ఇద్దరూ కలిసి చెప్పేలా మార్చాలని రాశారు. కారణం గడిలో "లెక్కపెట్టే చెయ్యీ" అని మొదలుపెట్టి ఆగిపోతే, మేడం పెన్ను లాక్కుని "అడిగే నోరూ ఒకే మనిషివి కాబట్టి" అని పూర్తిచేశారు. ఇద్దరూ సంతకం పెట్టారు. ఎవరు ముందు పెట్టాలన్న దాని మీద అర నిమిషం వృథా అయింది, అంతకుమించి కాలేదు.

ముద్రగారు ప్రణాళిక మీద ముద్ర వేసి, ఎత్తి చూసి మురిసిపోయాడు. ఆ కాలేజీ పేరు అంత స్పష్టంగా ఎప్పుడూ పడలేదు. గేటు బయటికొచ్చేసరికి మూడూ ఇరవై. వచ్చిన బస్సు భర్తదే.

"ఇది రింగు రూటు కాదుగా?" అంది ఎక్కుతూ.

"నేరుగా మీ ఆఫీసుకే," అన్నాడు ఆయన, అద్దంలోంచి నవ్వుతూ.

నాలుగుకి పది నిమిషాలుండగా అధికారి ప్రణాళిక అందుకుని, గడులు వేలితో లెక్కపెట్టాడు. "ఆరే," అన్నాడు, ఇంకొకటి ఉంటే బావుండునన్నట్టు. సంతకం పెట్టాడు.

గోధుమరంగు కాగితం వంటింటి గోడ మీద అలాగే ఉండిపోయింది. అత్తగారు దాని అంచులు మాత్రం కత్తెరతో సరిచేసింది.

మూడో టర్ము మొదటి రోజు క్లాసు ఆ చెక్కగోడ గదుల్లోనే పెట్టారు. బీరువాలు రెండూ వెళ్ళిపోయాయి, తలుపు బార్లా తీసి ఉంది. కుర్రపిల్లల మధ్య సీసాలమ్మ మూడో వరసలో కూర్చుంది. మాస్టారు ఆ నోటుబుక్కులోని గడులన్నీ బోర్డు మీదికి ఎక్కించారు. మేడం వాటి పక్కన ఒక సీసా లేబులు పెద్దగా గీశారు. స్థలం అన్న గీత మీద చెప్పుల కొట్టు వెనక వీధి అని రాశారు. సేకరించినవారు అన్న గీత మీద సీసాలమ్మ పేరు రాశారు, ఊరు పెట్టిన పేరు కాదు, ఉద్యోగం రికార్డుల్లో ఉండే పూర్తి పేరు. మూడో గీత దగ్గర చాక్‌పీసు ఆగింది.

"నిర్ధారించింది ఎవరండీ?" అని అడిగారు మేడం, మాస్టారి వైపు తిరిగి.

"పన్నెండు రోజుల ముందే తేల్చింది ఆవిడేగా," అన్నారు మాస్టారు. "ఇందులో అనుమానం సున్నా శాతం."

మేడం మూడో గీత మీద కూడా అదే పేరు రాశారు. పిల్లలంతా తలలు వంచి దాన్ని బుద్ధిగా ఎక్కించుకుంటున్నారు. సీసాలమ్మ కూడా పుస్తకం తెరిచి పెన్ను మూత తీసింది గానీ, అక్షరాలు అలుక్కుపోయి కనబడి, కాసేపు ఏమీ రాయలేకపోయింది.